కుడివైపు చూడండి

తొమ్మిదిన్నరకి ఫౌంటెన్ దగ్గర లెక్కపెడతాను:
పధ్నాలుగు తలలు, రెండు గొడుగులు, ఒక ఏడుపు మొహం.
గోచా సిగరెట్టు ఆర్పి వ్యాను తలుపు లాగుతాడు.
రెండోసారి లాగితేగానీ పడదది.

నా పేరు లామారా. ఇది కుతైసి.
ఇది రియోనీ నది, ఇది తెల్ల వంతెన.
నీళ్లకి ఆ రంగెందుకని ఎవరో ఒకరు అడుగుతారు,
పైన కొండల్లో సున్నపురాయి, అంటాను.
వెళ్లి చూసొచ్చిన మొహమేం కాదు నాది.

బజారులో పది నిమిషాలు. పదంటే ఇరవై ఐదు.
చీజు అమ్మే ఆవిడ కత్తి మొనమీద ముక్క అందిస్తుంది,
కొనకపోయినా నవ్వుతుంది.
మీరు వెనక్కి తిరిగాక ఏమంటుందో
అది మాత్రం నేను అనువదించను.

కొండమీది చర్చిలో రాజుల పేర్లు
ఎక్కం అప్పజెప్పినట్టు చెప్తాను.
మధ్యలో ఎవరైనా తుమ్మితే
మళ్లీ మొదటి రాజు దగ్గరికి పోవాలి.

ఊరు దాటితే ఆవులు,
రోడ్డు నడిమధ్య పడుకుని నెమరేస్తూ.
హారన్ భాష వాటికి రాదు.
గోచా దిగి, చేత్తో తట్టి, పేరుపెట్టి బతిమాలతాడు.

ఆ తర్వాత వచ్చే మలుపులో గొంతు పెంచుతాను:
కుడివైపు చూడండి!

కుడివైపు ఏమీ లేదు. ఒక బోడి గుట్ట.
దానికో కథ నేనే అల్లాను:
అలిగి వెళ్లిపోయిన పెళ్లికూతురు, రాయైపోయిన గుర్రం.
మొదటి ఏడాది గుర్రం లేదు.
జర్మన్లు మరీ గుచ్చి గుచ్చి అడిగితే చేర్చాను.

పధ్నాలుగు తలలూ అటు తిరుగుతాయి.
ఇటు, ఎడమపక్క,
టీ ఫ్యాక్టరీ దాటిపోతుంది.

కప్పు లేదు. కరెంటు పోయిన ఆ చలికాలాల్లో
మోటార్లు పోయాయి ముందు, తర్వాత పైపులు,
ఆఖరికి తలుపుల బందులు.
ఊడబెరుక్కుపోయిన వాళ్లలో మేమూ ఉన్నాం.
మా వంటింటి సింకు కింద ఇప్పటికీ ఆ పైపే.
పదకొండేళ్లు అక్కడ కళ్లు మూసుకుని
ఆకు వాసన చూసి గ్రేడు చెప్పాను,
ఒక్కసారి తప్పలేదు.

ఇవాళ ఫెమ్కే, ఏడేళ్ల పిల్ల, పొద్దుటి ఏడుపు మొహం,
కడుపులో తిప్పుతోందని
ఎడమ కిటికీకి నుదురు ఆన్చి కూర్చుంది.
గుర్రం కథ దానికి అక్కర్లేదు.
"అక్కడెవరో చెయ్యి ఊపుతున్నారు," అంది.

గోచా బ్రేకు వేశాడు.
నేను చెప్పలేదు.
పిల్ల వాంతి చేసుకుంటుందని భయపడ్డాడో,
ఎనిమిదేళ్లుగా ఈ మలుపులో
నా మెడ బిగుసుకోవడం అద్దంలో చూస్తున్నాడో.

ఫ్యాక్టరీ గేటులో నానులి.
ఒకప్పుడు నా పక్క బల్ల.
ఒక చేతిలో పాల బకెట్టు, రెండోది ఇంకా గాల్లోనే ఉంది.
"ఏమే లామారా,
రోజూ నీ బండికి ఊపీ ఊపీ
నా భుజం లాగేస్తోందే!"

వీళ్లంతా దిగారు. ఫోటోలు.
ఇది కోటా? అడిగాడో పెద్దాయన.
దీనికి నా దగ్గర కథ లేదు.

కత్తిరించే దిక్కులేక
టీ పొదలు మనిషిని మించి పెరిగాయి.
నానులి చిగురొకటి తుంచి, నలిపి,
నా ముక్కు కింద పెట్టింది. చెప్పు, అంది.
కళ్లు మూసుకున్నాను.
రెండో రకం. కోత వారం ఆలస్యం.
"ఇరవయ్యేళ్లు ఆలస్యం," అని పకపకా నవ్వింది,
బకెట్లో పాలు తొణికాయి.

నలభై నిమిషాలు వెనకబడ్డాం.
గుహల దగ్గర టికెట్ల కిటికీ మూసేసి ఉంటుంది.
ఫెమ్కే ముందు సీట్లోకి మారింది,
గుప్పిట్లో ఆకు నలిగి నల్లబడుతోంది.
చచ్చిపోయిందా, అని చూపించింది.

కాదు, పులుస్తోంది,
అలా పులిస్తేనే టీ అవుతుంది, అని చెప్పాలి.
మైకు చేత్తో పట్టుకుని
దాని భాషలో ఆ మాట కోసం వెతుక్కుంటున్నాను.